ఆరు బటన్ల గొంతు

జూన్ 2

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం చేరింది. దాన్ని ఉత్తరం అంటున్నది మర్యాద కోసం. "ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది. గొంతు పోయింది. ఓనరు నన్ను కారులోంచి దించేస్తానంటున్నాడు." ఇంతే. డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని ఇన్నేళ్ళూ అరిచినవాడివి. మీ ఊళ్ళో సగం మంది నీ కేకలకి జడిసి కారు నేర్చుకున్నారు. అలాంటివాడు తంతి కొట్టినట్టు రాస్తే నేనేం అర్థం చేసుకోవాలి? మిగతాదంతా మరదలు విడిగా రాసిన కాగితం వల్ల తెలిసింది. ఈ నెలాఖరున ఓనరు వెనక సీట్లో కూర్చుని చూస్తాడట. మాట లేకుండా నువ్వు నేర్పగలిగితే కారు నీది, లేకపోతే కౌంటరు దగ్గర కుర్చీ నీది. అక్కడ వచ్చినవాళ్ళకి ఫారాలు అందిస్తూ కూర్చోవాలి. నువ్వు కుర్చీలో కదలకుండా కూర్చోవడం చిన్నప్పుడు కూడా చూడలేదు నేను, జ్వరం వచ్చినప్పుడు తప్ప.

ఫోను చెయ్యలేదని అలగకు. నీకు మాట లేదు, నాకు ఓపిక లేదు. ఇద్దరం ఫోను పట్టుకుని ఒకరి ఊపిరి ఒకరం వింటూ కూర్చుంటామా? మెసేజీలు పెట్టమంటావేమో. నేను ఒక మాట టైపు చేస్తే ఆ ఫోను దాన్ని కొట్టేసి తనకి తోచింది పెడుతుంది. జన్మంతా ఆడపిల్లల హైస్కూల్లో ఫిజిక్స్ పేపర్లు దిద్దినదాన్ని, ఈ వయసులో ఒక ఫోను చేత దిద్దించుకోలేను.

సంగతికొస్తాను. గొంతు లేనివాడికి మాటలు పెట్టెలో పెట్టి ఇవ్వొచ్చు. రిటైరయ్యాక నా డ్రాయరు నిండా ఏమున్నాయో నీకు తెలుసుగా. వైర్లు, స్విచ్చులు, చిన్న చిన్న బోర్డులు. మా అల్లుడు దాన్ని "అత్తయ్యగారి చెత్త" అంటాడు, నాకు వినపడదనుకుని. అందులో శబ్దం పలికించే మాడ్యూళ్ళు రెండు రకాలున్నాయి. ఒకటి పది సెకన్ల మాట మాత్రమే గుర్తుపెట్టుకుంటుంది. మైకు దాని ఒంటి మీదే ఉంటుంది. ఒక బటన్ నొక్కి మాట్లాడితే పట్టుకుంటుంది, ఇంకోటి నొక్కితే తిరిగి చెబుతుంది. రెండో రకం మెమరీ కార్డు మింగుతుంది. ఎన్ని మాటలైనా పలుకుతుంది కానీ దానికి వైర్లెక్కువ, తెలివెక్కువ, అలకా ఎక్కువే. నీకు మొదటిది చాలు. పక్క సీటువాడు చెప్పే మాటల్లో ప్రాణం మీదికొచ్చేది ఒక్కటే కదా, బ్రేకు. అది నా గొంతుతోనే రికార్డు చేసి పంపుతున్నాను.

పసుపు బటన్ నొక్కితే పలుకుతుంది. ఎర్రది ముట్టుకోకు. ముట్టుకుంటే ఉన్నది చెరిగిపోయి, ఆ క్షణంలో వినపడింది ఎక్కుతుంది. ఎర్రది ముట్టుకోకు అని రెండోసారి రాస్తున్నాను, ఎందుకంటే రాస్తున్నది నీకు.

గోరువెచ్చని నీళ్ళు తాగు. డాక్టరు చెప్పి ఉండడు, నేను చెబుతున్నాను.

ఇట్లు,
అక్క

*

జూన్ 9

అక్కా,

పెట్టె అందింది. మొదటిసారి నొక్కగానే మీ మరదలు కుర్చీలోంచి లేచి జుట్టు సర్దుకుంది, నువ్వు గుమ్మంలో నిలబడ్డావనుకుని. అంతవరకు బాగానే ఉంది.

నువ్వు రికార్డు చేసింది ఒక మాట కాదే అక్కా, ఒక పాఠం. "నాయనా, కంగారు పడకుండా ముందు యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, ఆ తర్వాత బ్రేకు మీద మెల్లగా, మెల్లగా అంటున్నాను, నొక్కు." పది సెకన్లున్నాయి కదా అని పదీ వాడుకున్నావు. ఇప్పుడు నా దగ్గర నేర్చుకుంటున్నది పళ్ళ డాక్టరమ్మ. పెద్దావిడ, మహా మర్యాదస్తురాలు. నువ్వు మాట్లాడుతుంటే మధ్యలో బ్రేకు వేస్తే బాగుండదని చివరిదాకా విన్నది. నువ్వు "నొక్కు" అనేసరికి చెత్తకుండీని ముద్దు పెట్టుకున్నాం. నా వైపు బ్రేకు నేను తొక్కాను కాబట్టి కుండీ ఒరిగింది కానీ పడలేదు.

ఇక రెండో సంగతి. నువ్వు తిడతావని తెలిసే రాస్తున్నాను. మూల తిరుగుతుంటే ఎదురుగా లారీ వచ్చింది. కంగారులో నా బొటనవేలు ఎర్రదాని మీద పడింది. ఇప్పుడు పెట్టెలో నువ్వు లేవు. డాక్టరమ్మ కేక ఉంది, లారీ హారను ఉంది, మధ్యలో నా గొంతు రంధ్రంలోంచి గాలి తుస్సుమన్న చప్పుడుంది. పసుపు బటన్ నొక్కితే ఈ మూడూ వరసగా వస్తున్నాయి. ఒక్క మాట చెప్పనా, నీ పాఠం కంటే తన కేక విని తనే తొందరగా బ్రేకు వేస్తోంది ఆవిడ. కానీ రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు మాత్రం నేనెవర్నో ఎత్తుకుపోతున్నానని చూస్తున్నారు. నిన్న ట్రాఫిక్ కానిస్టేబులు కారు ఆపి, లోపలికి తొంగి చూసి, "అమ్మా, మీరు ఇష్టపడే కూర్చున్నారా?" అని అడిగాడు.

ఓనరు విన్నాడు. "మాస్టారూ, దీనివల్ల మన స్కూలు పేరు పెరుగుతుందంటారా, తరుగుతుందంటారా?" అన్నాడు. నేను పలక మీద "ఇంకోటి వస్తోంది" అని రాసి చూపించాను. వస్తోంది కదూ?

తమ్ముడు

*

జూన్ 14

బొటనవేలికి,

ఈ ఉత్తరం నీ మిగతా ఒంటికి కాదు కాబట్టి వేలికే రాస్తున్నాను. ఎర్రది ముట్టుకోవద్దని రెండుసార్లు రాశాను.

సరే. పాఠం పొడుగైందన్నావు, ఒప్పుకున్నాను. ఇకనుంచి ఒక్కొక్కటీ ఒక్క ముక్క. రెండో రకం మాడ్యూల్‌తో చేశాను, ఆరు బటన్లతో. రికార్డు బటన్ అసలు లేదు, వెతక్కు. ఎడమ నుంచి వరసగా: ఆపు, క్లచ్చు, గేరు, ఎడమ, కుడి, అద్దం. నువ్వు బటన్ నొక్కితే చిన్న బోర్డు చూస్తుంది. చూసి మాడ్యూల్‌కి "ఒకటోది పలుకు", "రెండోది పలుకు" అని నంబరు చెబుతుంది. ఆ రెండిటి మధ్య మాట వెళ్ళే తీగలో వెయ్యి ఓముల రెసిస్టరు ఒకటి పెట్టాను. అది లేకుండా కడితే స్పీకర్లో దోమ దూరినట్టు ఒకటే రొద. ఒక రోజంతా నా చెవుల్లోనే ఏదో జబ్బు అనుకుని బాధపడ్డాను.

గొంతు ఎవరిది పెట్టాలన్న దాని మీద ఇక్కడ పెద్ద చర్చ. ముందు మా అమ్మాయి చేత "ఆపు" అనిపించాను. లాలిపాటలా ఉంది. మనవరాలు అన్నది, చివర్న నవ్వింది. అప్పుడు నేను అన్నాను. హాల్లో కాఫీ కప్పుతో నడుస్తున్న మా అల్లుడు ఒక కాలు గాల్లో ఉండగానే ఆగిపోయాడు. ఇక చర్చ ముగిసింది.

స్పీకరు మాత్రం నువ్వే తగిలించుకోవాలి, డాష్‌బోర్డు కింద. పెట్టెలోంచి రెండు పచ్చ తీగలు బయటికొస్తాయి. స్పీకరు రెండు కాళ్ళకీ ఆ రెండే. "ఒకటి కారు బాడీకి కడితే తీగ కలిసొస్తుంది" అని నీలో ఉన్న మెకానిక్కు అంటాడు. వాడి నోరు ముయ్యి. అలా కడితే మాడ్యూల్ కాలిపోతుంది. కరెంటు కూడా కారు బ్యాటరీ నుంచి నేరుగా ఇవ్వకు. అది పన్నెండు వోల్టులు, దీనికి కావలసింది ఐదు. లైటరు సాకెట్లో ఫోను ఛార్జరు పెట్టి అందులోంచి ఇవ్వు.

ప్లగ్గు పెట్టు, బటన్ నొక్కు, నోరు... సరే, అది నీకు చెప్పక్కర్లేదు.

అక్క

*

జూన్ 20

అక్కా,

నా మీద నీకు కోపం ఉండొచ్చు. పాఠం పొడుగైందని రాశాను, అది నిన్ను పొడిచి ఉంటుంది. కానీ దానికి డాక్టరమ్మ ఏం చేసింది?

స్పీకరు నువ్వు చెప్పినట్టే కట్టాను. తీగలు రెండూ పచ్చవే, బాడీ జోలికి పోలేదు. మొదటి రోజు నేను "ఎడమ" నొక్కాను. నీ గొంతు "కుడి!" అంది. ఆవిడ కుడికి తిప్పింది. పెట్రోలు బంకులోకి, వచ్చే దారిలో కాదు, పోయే దారిలో. అక్కడివాళ్ళు అన్నవన్నీ రాయను, మీ మరదలు ఈ కాగితం చదువుతుంది.

తర్వాత కూడలిలో "అద్దం" నొక్కాను, వెనక ఎవరొస్తున్నారో చూసుకోమని. "ఆపు!" అన్నావు. నడి కూడలిలో ఆపేసింది. మా వెనక బారులు తీరిన బళ్ళన్నీ హారన్లు కొడుతుంటే ఆవిడ నావైపు తిరిగి, "మాస్టారూ, అమ్మగారు చెప్పేదాకా కదలకూడదు కదా?" అంది. నిన్ను "అమ్మగారు" అంటుంది. పెట్టెలో నువ్వు కాళ్ళు ముడుచుకుని కూర్చున్నావని ఆవిడ నమ్మకం కాబోలు.

అసలు ఘోరం వాలు మీద జరిగింది. ఆసుపత్రి రోడ్డు దిగుతున్నాం, కింద పాల వ్యాను ఆగి ఉంది. "ఆపు" నొక్కాను. నువ్వు ఎంతో శాంతంగా "క్లచ్చు" అన్నావు. ఆవిడ భక్తిగా క్లచ్చు తొక్కింది. వాలు మీద క్లచ్చు తొక్కిన కారు ఏం చేస్తుందో ఫిజిక్స్ టీచరుకి నేను చెప్పాలా? నూనె రాసినట్టు జారింది. మళ్ళీ నొక్కాను, మళ్ళీ "క్లచ్చు". నా వైపు బ్రేకు మీద నిలబడ్డాను అక్కా, కూర్చుని కాదు, నిలబడ్డాను. నెత్తి పైకప్పుకి కొట్టుకుంది. వ్యానువాడు పాల క్యాను పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

క్లచ్చు నొక్కితే గేరు అంటోంది, గేరు నొక్కితే ఎడమ అంటోంది, కుడి నొక్కితే అద్దం అంటోంది. కార్డు పాడైందేమోనని మీ మరదలు పక్కింటి కంప్యూటర్లో పెట్టి చూసింది. అంతా వరసగానే ఉందట, ఆపు, క్లచ్చు, గేరు, ఎడమ, కుడి, అద్దం. కాబట్టి తప్పు నీ వైర్లలోనే ఉంది. లేదా నీ మనసులో. పైగా ఇంజను పెంచినప్పుడల్లా నీ వెనకాల ఎవరో ఈల వేస్తున్నారు.

ఓనరు రావడానికి పది రోజులే ఉన్నాయి. నాకు కౌంటరు కుర్చీ కలలోకి వస్తోంది. దానికి చక్రాలు కూడా లేవు.

తమ్ముడు

*

జూన్ 24

చిరంజీవి తమ్ముడికి,

నేను నిన్ను తిట్టాలనుకుంటే తిడతాను. తిట్టడానికి ఒక మాడ్యూలూ, ఒక స్పీకరూ, ఒక పళ్ళ డాక్టరూ నాకు అక్కర్లేదు.

నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. ఆపు నొక్కితే క్లచ్చు. క్లచ్చు నొక్కితే గేరు. గేరుకి ఎడమ, ఎడమకి కుడి, కుడికి అద్దం, అద్దానికి ఆపు. ఒక్కొక్కటీ ఒక్కో మెట్టు జరిగింది. వైర్లు తప్పితే ఇంత పద్ధతిగా తప్పవు, చిత్తమొచ్చినట్టు తప్పుతాయి. ఇంత క్రమశిక్షణతో తప్పు చెయ్యగలిగేది మనిషి ఒక్కడే.

ఈ మాడ్యూల్‌కి ఒక గుణముంది. అది ఫైళ్ళ పేర్లు చదవదు. కార్డులోకి ముందు ఎవరు దూరితే వాళ్ళే ఒకటో నంబరు, తర్వాత దూరినవాళ్ళు రెండో నంబరు. కంప్యూటరేమో పేర్ల ముందు నేను వేసిన అంకెల ప్రకారం సర్ది చూపిస్తుంది, అందుకే చూడ్డానికి అంతా బుద్ధిగా ఉంటుంది. నేను ఆపు మొదట ఎక్కించి, ఇక్కడ ఆరు బటన్లూ నొక్కి విని మరీ పంపాను. అంటే, కార్డు మీ ఇంటికి చేరాక ఎవరో ఆరింటినీ బయటికి లాగి, తిరిగి పెట్టేటప్పుడు "ఆపు"ని అన్నిటికంటే ఆఖర్న పెట్టారు. నువ్వు చెయ్యలేదు. నీకు కంప్యూటరు ఆన్ చెయ్యడం రాదు. పక్కింటి కంప్యూటరు దగ్గరికి రాకపోకలున్నది ఎవరికో నువ్వే రాశావు. నేను పేరు పెట్టను. అడిగి చూడు.

ఆరింటినీ తీసేసి, కార్డు పూర్తిగా తుడిచి, ఆపుతో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా వరసలో ఎక్కించమను. ఒకేసారి అన్నీ పట్టి లాగొద్దు. ఈలకి మందు: ఛార్జరు పీకేసి, ఫోనుకి వాడే పవర్ బ్యాంకుతో నడుపు. కారు తన బ్యాటరీ నింపుకునే చప్పుడు స్పీకర్లోకి జొరబడుతోంది, అంతే. నా వెనకాల ఈల వేసే ధైర్యం ఎవరికీ లేదు.

నెత్తికి ఏదైనా రాశావా?

అక్క

*

జూలై 1

అక్కా,

అడిగాను. మిగతాది తనే రాస్తానంది. కింద రాసింది తనే.

వదినగారూ, నమస్కారం. తీసింది నేనే. ఆయన చావు తప్పి బయటపడి, కొత్తగా మాట మొదలుపెడుతుంటే మొట్టమొదటి మాటే "ఆపు" అని ఉంటే నా మనసొప్పలేదు. మీకు పట్టింపులు లేవని తెలుసు, నాకున్నాయి. అందుకే కార్డు తుడిచి క్లచ్చుతో మొదలుపెట్టి, ఆపుని చివర్న పెట్టాను. పేర్లు ముట్టుకోలేదు. ఆరూ మీ గొంతే కదా, ఏది ముందైతే ఏముందిలే అనుకున్నాను. యంత్రానికి కూడా ఇంత పట్టింపు ఉంటుందని నాకేం తెలుసు? ఇప్పుడు మీరు చెప్పినట్టే ఎక్కించాను. నెత్తికి మందు రాశాను.

మళ్ళీ నేనే. సరిచేశాక పెట్టె బ్రహ్మాండంగా పనిచేసింది. ఈల కూడా పోయింది. నిన్న ఓనరు వెనక సీట్లో కూర్చున్నాడు. డాక్టరమ్మ గేటు నుంచి బజారు, బజారు నుంచి ఆసుపత్రి వాలు, వెనక్కి. ఎక్కడా ఇంజను ఆగలేదు, ఎవర్నీ గుద్దలేదు. నేను నొక్కడం, నువ్వు అనడం, ఆవిడ చెయ్యడం, ముగ్గురం ఒకే మనిషిలా నడిపాం. వాలు మీద "ఆపు" అన్నావు చూడు, వెనక సీట్లో ఓనరు కూడా లేని బ్రేకు తొక్కాడు.

దిగాక ఆయన నా భుజం తట్టాడు. తట్టి ఏమన్నాడో తెలుసా? "అద్భుతం మాస్టారూ! ఇక మీరు కష్టపడక్కర్లేదు. ఈ పెట్టె ఉంటే కౌంటరులో ఉన్న కుర్రాడైనా పక్కన కూర్చుని నేర్పేస్తాడు. మీ అక్కగారిని ఇంకో ఐదు చేసిపెట్టమనండి, అన్ని కార్లలో పెడదాం." పెట్టె ఆయనే పట్టుకుపోయాడు. కార్డుతో సహా.

నేను పలక తీసేసరికే వెళ్ళిపోయాడు.

నీ తప్పేం లేదని తెలుసు. అయినా రాయకుండా ఉండలేను. గొంతు నాకిస్తానన్నావు. ఇచ్చింది ఆయనకి.

తమ్ముడు

*

జూలై 4

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. మా అల్లుడు పండగ చేసుకుంటున్నాడు.

మొదట నేనేం చేశానో చెబుతాను. ఇంకో కార్డు తీసి మరదలి వరసలో ఎక్కించాను, ఆపు ఆఖర్న. "మీరడిగిన మొదటి పెట్టె" అని మీ ఓనరు పేరున చిరునామా కూడా రాశాను. ఆయన ఆ వాలు మీద "ఆపు" నొక్కి, నేను శాంతంగా "క్లచ్చు" అనడం ఊహించుకుని కాసేపు హాయిగా కూర్చున్నాను. తర్వాత, స్టీరింగు పట్టుకునేది ఆయన కాదు, డాక్టరమ్మ అని గుర్తొచ్చింది. కార్డు విరిచి పారేశాను.

ఇప్పుడు విను. ఓనరు మీద నాకు కోపం రావడం లేదు, జాలి వేస్తోంది. ఆయన అనుకుంటున్నదేమిటంటే, నీ ఉద్యోగం అరవడమని. ఆ మాటకొస్తే నువ్వూ అదే అనుకుంటున్నావు, లేకపోతే ఇంత కుంగిపోవు. నేను తయారుచేసిన పెట్టె గురించి నాకంటే ఎవరికీ ఎక్కువ తెలియదు. దానికి ఆరు మాటలు వచ్చు. ఏ మాట ఎప్పుడన్నది ఒక్కటి కూడా రాదు. అది చూసి నేర్పగలిగే మాడ్యూలు ఇంకా అమ్మకానికి రాలేదు, వస్తే ముందు నేనే కొంటాను.

అడ్డుపడకు, బతిమాలకు. పలక మీద రెండే ముక్కలు రాసి చూపించు. ఒకటి, పెట్టెతో మొదటి పాఠం ఓనరే స్వయంగా చెప్పాలి, డాక్టరమ్మకి, నువ్వు లేకుండా. రెండు, వాలు వైపు పోకూడదు, మీ స్కూలు ప్రహరీ చుట్టూ మాత్రమే. ఆ వైపు బ్రేకు ఎక్కడుందో చూపించు, పవర్ బ్యాంకు నిండా ఛార్జి చేసి ఇవ్వు. ఏ లోపమూ ఉండకూడదు. ఓడిపోతే పెట్టె వల్ల ఓడిపోయానని అనకూడదు ఆయన.

అన్నం మానేశావట. మరదలు రాసింది. తిను.

అక్క

*

జూలై 11

అక్కా,

రెండు ముక్కలూ రాసి చూపించాను. "ఓస్, ఇంతేనా?" అని నవ్వి, కొత్త చొక్కా వేసుకొచ్చి మరీ కూర్చున్నాడు. నేను కౌంటరు కుర్చీలో కూర్చున్నాను. అవును, దాన్లోనే. కిటికీలోంచి ప్రహరీ కనపడుతుంది.

మొదటి చుట్టులో ఆయనకి భయం. కారు కదిలితే చాలు, "ఆపు". కుక్క కనపడితే "ఆపు", కాకి కనపడితే "ఆపు". ఆవిడ ఆగడం, ఎక్కిళ్ళు పట్టినట్టు మళ్ళీ కదలడం. కారు మా కిటికీ ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా నీ గొంతే వినిపిస్తోంది, అదే మాట. రెండో చుట్టులో ధైర్యం వచ్చింది. ధైర్యం వచ్చాక ఫోను వచ్చింది. ఫోను చెవిలో పెట్టుకుని మూల తిరిగాక "ఎడమ" నొక్కాడు. మూల అప్పటికే అయిపోయింది కదా. అయినా అమ్మగారు చెప్పాక డాక్టరమ్మ ఆగుతుందా? ఎడమకి తిప్పింది. అక్కడున్నది రోడ్డు కాదు, మన స్కూలు బోర్డు. "భద్రతే మా బాధ్యత" అని రాసి ఉంటుందే, ఆ బోర్డు. ఓనరు కంగారులో "అద్దం" నొక్కాడు. ఆవిడ అద్దం చూసుకుంది. చూసుకుంటూనే కారుని బోర్డు మీదికి ఎక్కించింది.

ఎవరికీ దెబ్బల్లేవు. కొత్త చొక్కా మీద మాత్రం టీ పడింది. టీ కూడా పట్టుకుని కూర్చున్నాడన్నమాట.

డాక్టరమ్మ కారు దిగి నేరుగా నా కిటికీ దగ్గరికొచ్చింది. అంత మర్యాదస్తురాలి గొంతు అలా లేవడం నేనెప్పుడూ వినలేదు.

"మాస్టారూ, మీరిక్కడ కూర్చుని ఏం చేస్తున్నారు?"

నేను ఫారం చూపించాను.

"అవతల పెట్టండి అది. అమ్మగారు మీ పక్కనున్నప్పుడు నేను తప్పు చెయ్యబోయే ముందు చెప్పేవారు. ఈయన పక్కనున్నప్పుడు చేశాక చెబుతున్నారు. నాకు ముందు చెప్పే అమ్మగారే కావాలి."

ఓనరు వెనకే వచ్చాడు. చొక్కా దులుపుకుంటూ, "పెట్టెలో ఏదో లోపముంది మాస్టారూ" అన్నాడు. నేను పలక తీశాను. "లోపం లేదు. అది నేను చూసినప్పుడు పలుకుతుంది" అని రాశాను. ఆయన అది చదివి, బోర్డు వైపు చూసి, మళ్ళీ చదివి, పెట్టె నా ఒళ్ళో పెట్టాడు. కారు తాళం దాని మీద పెట్టాడు. "మిగతా ఐదు పెట్టెలూ వద్దని అక్కగారికి రాయండి" అన్నాడు.

నిన్నటి నుంచి మళ్ళీ నా సీట్లో ఉన్నాను.

ఒకటే చిక్కు. నిన్న ఆవిడ రెండు లారీల మధ్య కారు వెనక్కి నడిపి, దారం ఎక్కించినట్టు నిలబెట్టింది. నిలబెట్టి పెట్టె వైపు చూసింది. పెట్టె ఏమీ అనలేదు. ఏ బటన్ నొక్కను? ఆరింటిలోనూ మంచి మాట ఒక్కటీ లేదు. "అమ్మగారు ఎప్పుడూ బాగుందని అనరా మాస్టారూ?" అని అడిగింది. నేను నా పాత గొంతుతో అయితే అనేవాణ్ణి, అక్కా. అది ఒక్కటీ పంపు.

తమ్ముడు

*

జూలై 17

తమ్ముడూ,

ఏడు బటన్ల పెట్టె వేరే పార్సిలులో వస్తోంది. కొత్త బటన్ కుడి చివర్న, పచ్చది. ఈసారి కార్డుని జిగురు పెట్టి అతికించాను, మరదలికి నా ఆశీస్సులతో.

ఆ ఒక్క మాటకి పట్టినంత సమయం ఆరు మాటలకీ పట్టలేదు. మొదటిసారి "బాగుంది" అని రికార్డు చేసి వినిపిస్తే, మా అల్లుడు గది బయటి నుంచి "నేనేం చేశానండీ అత్తయ్యా?" అన్నాడు. రెండోది విని మా అమ్మాయి, "అమ్మా, ఇది రిపోర్టు కార్డు ఇచ్చేటప్పటి గొంతు" అంది. మూడోది మనవరాలికి వినిపించాను. "అమ్మమ్మా, నువ్వు ఎవరితో అంటున్నావు?" అని అడిగింది. ఎవరితోనూ కాదన్నాను. "అందుకే" అంది. ఆ పిల్లకి నా ముక్కు రాలేదనుకున్నాను గానీ నోరు వచ్చింది.

దాంతో అందర్నీ పంపేసి తలుపు వేసుకున్నాను. నీ ఉత్తరం ముందు పెట్టుకున్నాను. "నిన్నటి నుంచి మళ్ళీ నా సీట్లో ఉన్నాను" అని రాశావు చూడు, అది చదివి, మైకు దగ్గరికి వంగి, అన్నాను. ఒక్కసారే అన్నాను. మళ్ళీ వినలేదు, సరిగ్గా వచ్చిందని తెలుసు.

కాబట్టి ఆ పచ్చ బటన్‌లో ఉన్నది డాక్టరమ్మతో అన్న మాట కాదు. ఆవిడకి చెప్పకు, పాపం, వాడుకోనీ.

అక్క